ఏడో అంశం: బండాయన జ్వరం

మా చర్చిలో ప్రతి శుక్రవారం ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన ఉంటుంది. ముందు ఒక్కొక్కరే పోయి తమ బాధలను ప్రార్థన అంశాలుగా మా వదినకు చెప్పుకుంటారు. ఆమె వాటికి నంబర్లు వేసి ఒక పొడుగు నోటుబుక్కులో రాస్తుంది. మోకాళ్ల నొప్పులు, కొడుకు కానిస్టేబుల్ పరీక్ష, తాగి వచ్చే మొగుడు, నీళ్లు పడని బోరు. తర్వాత ఆమె ఒక్కొక్కటే చదువుతుంటే అందరం ప్రార్థిస్తాం. తీరిన బాధకు ఎర్ర పెన్నుతో టిక్కు పడుతుంది. ఎవరిది తీరిందో ఆమె లేచి దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పి, డజను అరటిపండ్లు పంచాలి. అది మా ఆనవాయితీ.

ఒక శుక్రవారం వదిన అలాగే చదువుకుంటూ పోతోంది.

"ఏడు. బండాయన జ్వరం తగ్గాలె."

అందరూ "ఆమెన్" అన్నారు. నేను మాత్రం ఉలిక్కిపడి కళ్లు తెరిచాను. ఎందుకంటే బండాయన అనే మనిషి ఈ భూమ్మీద ఎక్కడా లేడు. ఆయన్ని పుట్టించింది నేనే, హన్మకొండలో మా డాబా మీద కూర్చుని, బాల్‌పెన్నుతో.

ఇదంతా నా నవలల పిచ్చి వల్ల వచ్చింది. నేను సర్కారు బడిలో సోషల్ టీచర్‌ని. చాలా ఏండ్ల కింద చర్చి బీరువా సర్దుతుంటే ఎవరో వదిలేసిపోయిన ఇంగ్లీషు నవలలు దొరికాయి. అన్నీ పాతకాలపు క్రైస్తవ ప్రేమకథలు. గుర్రపు బండ్లు, మంచు, గోధుమ చేలు. భర్త పోయిన ఒకామె, దేవుడి మీద అలిగిన ఒకాయన. మూడు వందల పేజీలు తిప్పితే గానీ చేయి పట్టుకోరు. పట్టుకునే ముందు కూడా ప్రార్థన చేసుకుంటారు! ఒకటి చదివాను, బీరువా మొత్తం ఖాళీ చేశాను.

వదిన ఎగతాళి చేసేది. "మొదటి పేజీలనే ఎరుకాయె ఇద్దరికి పెండ్లయితదని. మల్ల గన్ని పేజీలు ఎందుకు చదువుడు?"

"పెండ్లికి పోతే బగారన్నం పెడ్తరని ఎరుకే గద వదినా, అయినా నువ్వు పోతలేవా?" అనేదాన్ని.

నవ్వులాటకు అన్నాను గానీ, అసలు సంగతి వేరే ఉంది. ఆ పుస్తకాల్లో దేవుడు ఆలస్యం చేస్తాడు, మరిచిపోడు. మన బతుకుల్లో ఆలస్యమేదో మరపేదో మనకు తెలియదు. పుస్తకానికి చివరి పేజీ ఉంటుంది కాబట్టి అక్కడ తెలుస్తుంది. ఆ ఒక్క పేజీ కోసం ఎన్ని పేజీలైనా ఓపిక పట్టవచ్చు.

కానీ నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎంతసేపూ ఆ మంచు కథలేనా? మంచు అంటే నేను చూసింది ఫ్రిజ్‌లోనే. నూరేండ్ల కింద మన దగ్గర మిషన్ దవాఖానలు లేవా, కలరా రాలేదా, మనుషులు ప్రేమించుకోలేదా? నేనే రాస్తాను అనుకున్నాను, మొదలుపెట్టాను. అనాథల ఇంట్లో పెరిగిన ఒక నర్సు. కేసముద్రం దారి పట్టి అడవి ఊళ్ల దాకా ఎడ్లబండి మీద తిరుగుతూ సువార్త పుస్తకాలు అమ్మే ఒకాయన. ఎద్దు కాలికి దెబ్బ తగిలితే కట్టు కట్టమని మనుషుల దవాఖానకు తోలుకొస్తాడు. నర్సు తిట్టుకుంటూనే కడుతుంది. శుక్రవారం ప్రార్థన అయ్యాక, వంట ఉడికేలోపు, ఒక్కో భాగం చదివి వినిపించేదాన్ని. ఆడవాళ్లు ఆయనకు బండాయన అని పేరు పెట్టేశారు.

ఇక్కడే నేను తప్పు చేశాను. మంచి సాహిత్యమంటే ఎవరో ఒకరు చావాలని నాకు ఎవరు నేర్పారో ఏమో! బండాయనకు జ్వరం తెప్పించాను. ఆఖరి భాగంలో ఆయన చనిపోతాడు, నర్సు ఒక్కతే బండి తోలుకుని పోతుంది. రాసి ఏడ్చాను. ఏడ్చినందుకు మురిసిపోయాను కూడా. ఆ భాగం ఒక్కటే చదవడం మిగిలింది.

ఏడో అంశం చెప్పింది ఎవరో వదినను అడిగి తెలుసుకున్నాను. మా బడిలో ఆయాగా పనిచేసే ఆమె, మేమంతా చెల్లె అని పిలుస్తాం. కరోనాలో ఆమె భర్త పోయాడు. తొమ్మిది రోజులు టిఫిన్ డబ్బా పట్టుకుని దవాఖాన గేటు బయటే నిలబడింది. మేమంతా ఫోన్లలో ప్రార్థన చేశాం. అప్పటినుంచి ప్రతి శుక్రవారం వస్తుంది, ఊడుస్తుంది, తలుపు పక్కన కూర్చుంటుంది. "నీకేమన్న ఉన్నదా చెల్లె?" అని వదిన అడిగితే "ఏం లేదక్కా" అంటుంది. ఇన్నేండ్లలో ఆమె చెప్పిన మొదటి అంశం ఇదే.

సంగతి సంఘ పెద్ద చెవిన పడింది. రైల్వేలో చేసి రిటైరైన మనిషి, అన్నీ టైం ప్రకారం నడవాలి ఆయనకు. నేను ఆఖరి భాగం తీసేలోపే వంట దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టున్నది మీ కత. లేని మనిషికి ప్రార్థన ఏందమ్మా? ప్రేమ కతలు చదువనీకి ఇది టాకీసా? గా ఏడోది కొట్టెయ్యుండ్రి. టీచరమ్మా, ఇయ్యాల్టి సంది చదువుడు బంద్."

నన్ను ఎగతాళి చేసే వదినే ముందుగా నోరు తెరిచింది. "పెద్దయ్యా, ప్రభువు చెప్పిన కతలల్ల మనుషులది ఏ ఊరు? వాళ్లకు ఆధార్ కార్డులున్నయా?"

"గది ఉపమానం, గిది నవల!" అన్నాడాయన.

అంతలో తలుపు దగ్గరి నుంచి చెల్లె చిన్న గొంతు. "కొట్టెయ్యి అక్కా. తప్పైంది."

నాకు ఒళ్లు మండిపోయింది. "కొట్టెయ్యకు వదినా! పెద్దయ్యా, లోపల వద్దంటే మెట్ల మీద కూసోని చదువుత. చదువుడైతే ఆపను." ఆయన కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

తిన్నాక పళ్లేలు కడుగుతున్న చెల్లె దగ్గరికి పోయి కూర్చున్నాను. తల ఎత్తకుండానే అడిగింది.

"బండాయన బతుకుతడా టీచరమ్మా?"

నేనూ ఒక పళ్లెం అందుకున్నాను. ఆమె చెప్పుకుపోయింది.

"మా ఆయిన కోసం తొమ్మిది రోజులు దేవున్ని అడిగిన. గప్పటిసంది అడుగుడంటెనే భయమైతాంది. పిల్లల కోసం గూడ అడగలే. మల్ల కాదంటే తట్టుకోలేను. బండాయనైతే, పోయినా ఎవ్వలకు నష్టం లేదు గద. గందుకే జర అడిగి చూసిన."

ఇంటికి పోయి ఆఖరి భాగం చింపేశాను. చరిత్రలో చచ్చినవాళ్లను నేను లేపలేను, అది పిల్లలకు చెప్పే పాఠం. నా నోటుబుక్కులో నా చేయి పట్టి ఆపేవాళ్లు ఎవరూ లేరు. అయితే మంత్రం వేసినట్టు బతికిస్తే ఆమె నమ్మదు. వారమంతా కూర్చుని రాశాను. తడిగుడ్డలు, గంజి, మంచం పక్కన నేల మీదే నర్సు కునుకు, తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎక్కే జ్వరం. జ్వరం రోజుల్లో ఒక్కటి కూడా ఎగ్గొట్టలేదు. నర్సును మాత్రం ఎవరూ గేటు బయట నిలబెట్టకుండా రాశాను.

శుక్రవారం చర్చి మెట్ల మీద చదివాను. సంఘ పెద్ద బోరు మోటారు చూస్తున్నట్టు కాస్త దూరంలో నిలబడ్డాడు. బండాయనకు చెమట పట్టింది, కళ్లు తెరిచాడు, మొదటి మాటగా "ఎద్దుకు గడ్డేసిండ్రా?" అని అడిగాడు. ఆడవాళ్లు నవ్వారు, కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. వదిన అందరికన్నా ఎక్కువ ఏడ్చింది.

చెల్లె లేచింది. చేతిసంచీలో నుంచి డజను అరటిపండ్లు తీసింది. నేను ఆమెకు కథ ఏమవుతుందో చెప్పలేదు. అయినా వచ్చేటప్పుడే కొనుక్కొచ్చింది.

"బండాయన జ్వరం తగ్గింది. దేవునికి స్తోత్రం," అంది. అదే సాక్ష్యం. అందరికీ పంచి, మోటారు దగ్గరికి పోయి పెద్దాయనకూ ఒకటి ఇచ్చింది. ఆయన దాన్ని అందుకుని తొక్క తీశాడు.

వదిన ఏడుకు ఎర్ర టిక్కు పెట్టింది. అలవాటు ప్రకారం అడిగింది. "ఇంకేమన్న ఉన్నదా చెల్లె?"

చెల్లె ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకుంది.

"ఉన్నదక్కా. ఆయిన పోయినప్పటిసంది నాకు నిద్ర వడ్తలేదు. రాయి."

వదిన కొత్త పేజీ తిప్పి ఒకటి అని నంబరు వేసింది. మాకంటే ముందు పెద్దాయనే, సగం తిన్న అరటిపండు చేతిలో ఉండగానే, ప్రార్థనకు కళ్లు మూసుకున్నాడు.