పప్పు ఉడికే నీళ్ళు

మా ముత్తాత ఈ ఊరికి మునసబు. ఆయన తండ్రీ మునసబే. మా తాత ఆ ఉద్యోగం చేస్తూనే తాలూకా బోర్డులో మెంబరుగా ఉన్నాడు. కలెక్టరు క్యాంపుకు వస్తే మా చావిట్లోనే దిగేవాడు. మా నాన్న కాలానికి మునసబు ఉద్యోగాలు రద్దయ్యాయి. పొలం కొంత సీలింగు కింద పోయింది, కొంత పంపకాల్లో పోయింది. నా చేతికి వచ్చేసరికి మిగిలింది తొమ్మిదెకరాల నల్లరేగడి, వానొస్తే కారే పెంకుటిల్లు, ఒక బావి. ఊళ్ళో మా మర్యాద నిలబడింది పొలం వల్ల కాదు, ఇంటి వల్ల కాదు. బావి వల్ల.

అద్దంకికీ చిలకలూరిపేటకూ నడుమ మా వైపు ఊళ్ళలో దాదాపు ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. ఆ నీళ్ళకు సబ్బు నురగ రాదు, కందిపప్పు ఉడకదు. పొయ్యిలో ఎన్ని పుల్లలు పెట్టినా పప్పు గింజలుగానే మిగులుతుంది. అందుకే మా దగ్గర ఎవరూ నీళ్ళు మంచివేనా అని అడగరు, పప్పు ఉడుకుతుందా అని అడుగుతారు. మా బావి నీళ్ళలో ఉడికేది. ముత్తాత ఊరి పక్కన మా చేలోనే తవ్వించిన బావి, నాలుగు నిలువుల లోతు, రాతి కట్టు. పొద్దున మా ఇంటి బిందె మునిగాకే మిగతా బిందెలు మునగాలి.

ఊరికి తూర్పున చర్చి చుట్టూ ఉన్న ఇళ్ళను పల్లె అంటాం. అక్కడి ఆడవాళ్ళు బావి గట్టు కింద నిలబడితే మా పాలేరు నీళ్ళు తోడి పైనుంచి వాళ్ళ బిందెల్లో పోసేవాడు. వాళ్ళు తాడు ముట్టకూడదు. ఏటా ఎండాకాలం బావిలోకి దిగి పూడిక ఎత్తేది మాత్రం ఆ పల్లె మగవాళ్ళే. నడుం లోతు బురదలో రోజంతా నిలబడి గంపలకెత్తి పైకి పంపేవాళ్ళు. పని అయి వాళ్ళు వెళ్ళగానే మా నాయనమ్మ బావిలో పసుపునీళ్ళు చల్లించేది. వాళ్ళ చేతుల మీదుగా శుభ్రపడిన నీళ్ళకి, వాళ్ళు దిగారని శుద్ధి! చిన్నప్పుడు ఇది నాకు వింతగా తోచలేదు. ఇప్పుడు రాస్తుంటే నోట్లో చేదు ఊరుతోంది. అయినా జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. మా ఇంట్లో అబద్ధం రాసే అలవాటు లేదు.

సాగర్ కాలువకు మా ఊరు చివర. పైవాళ్ళు ఇంజన్లు పెట్టి తోడుకోగా మిగిలిందే మాకు వచ్చేది, అదీ వస్తే. తొంభైల చివర పత్తికి పచ్చపురుగు పట్టిన ఏడు ఆ కాలువను చూసినవాడెవడూ మళ్ళీ అందులో కాలు పెట్టడు. ఊరంతా మందు కొట్టడమే పని. కొట్టిన డ్రమ్ములు కాలువలోనే కడిగేవాళ్ళు, ఖాళీ డబ్బాలు కాలువలోకే విసిరేవాళ్ళు. తూము దగ్గర పచ్చని నాచు మీద తెల్లటి నురగ, ఆ నురగలో పొట్టలు పైకి తేలిన చేపపిల్లలు, వాటి మీద ఈగలు. నాలుగు అడుగుల పక్కన గేదెల్ని దింపి తోమేవాళ్ళు. ఆ గేదెల పాలు ఊరంతా తాగేది. మా పాలేరు కూడా డ్రమ్ము అక్కడే కడిగాడు. నేను గట్టు మీద నిలబడి ముక్కు మూసుకుని చూశాను. వద్దనలేదు.

పత్తి మీద విరక్తి పుట్టి, రెండు వేల సంవత్సరం దాటాక నాలుగెకరాల్లో మిరప వేశాను. కాయ ఊరే వేళకు కాలువ ఆగిపోయింది. ఇంకో రెండు తడుల నీళ్ళు పడితే పంట చేతికొస్తుంది, పడకపోతే లేదు. పక్క చేను వాడికి బోరుంది, లోతు తక్కువ, నీళ్ళు చేనుకు పనికొచ్చేవే. వాడి తండ్రి మా పొలమే కౌలుకు చేసేవాడు, మా నాన్నను అయ్యా అనేవాడు, చెప్పులు వీధిలో విడిచి లోపలికి వచ్చేవాడు. కొడుకు మోటారు సైకిల్ దిగకుండానే నన్ను అన్నయ్యా అంటాడు.

"అన్నయ్యా, తోట వాడిపోతా ఉంది. మా బోరు నీళ్ళు పెట్టుకో. నువ్వేం ఇవ్వబళ్ళేదులే."

"మా తోటకి నీ నీళ్ళెందుకురా?"

"నీళ్ళకి నీవీ నావీ ఏందన్నయ్యా, కాలవ తవ్వుకుంటే వచ్చేదానికి!"

"నా బోరు నేను వేయించుకుంటాలే."

"వేయించు, వేయించు. మాక్కూడా చూపిద్దువు," అని నవ్వి బండి తిప్పాడు.

ఆ నవ్వుకే నేను బోరు వేయించాను. తోట కోసం అని ఇన్నాళ్ళూ చెబుతూ వచ్చాను. అది నిజం కాదు.

నీళ్ళు చూసేవాడు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగాడు. కాయ మూడు చోట్ల నిటారుగా లేచింది. అందులో ఒకటి బావికి నలభై అడుగుల దూరం. మంచినీళ్ళ బావి పక్కన మంచినీళ్ళే పడతాయి కదా అని అక్కడే గుర్తు పెట్టించాను. లారీ వచ్చి గొట్టాలు దించుతుంటే పల్లె నుంచి ఒక ముసలాయన కర్ర ఊతంగా వచ్చాడు. ఒకప్పుడు మా బావి పూడిక తీసిన మనిషి.

"అయ్యా, ఈడొద్దయ్యా. ఇక్కడ మంచినీళ్ళు పాల మీద మీగడంత. దాని కింద అంతా ఉప్పే. పూడిక తీసేటప్పుడు గునపం అడుగునున్న జిగట మన్ను దాటనిచ్చేవాళ్ళం కాదు. మీ తాతగారు పైనుంచి అరిచేవాళ్ళు, చాల్రా, ఇంక చాలూ అని."

"ఆ బావి నువ్వు తవ్వావా?"

"తవ్వలేదయ్యా. దిగాను."

నేను లారీ వాళ్ళ వైపు తిరిగి కానివ్వండి అన్నాను.

అరవై అడుగుల దగ్గర సన్నగా జల పడింది. పక్క చేను వాడి బోరు కంటే సన్నం. ఇంకా దించమన్నాను. నూట ఎనభై దాటాక నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేచాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు. బూడిద రంగు బురద నా చొక్కా మీద పడింది, కుళ్ళిన గుడ్డు వాసన. దోసిలి పట్టి నోట్లో పోసుకున్నాను. ఏదో తేడా ఉంది. బురద వల్ల అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను.

మొదటి తడికి తోట లేచింది. రెండో తడికి ఆకు అంచులు కాలినట్టు ఎర్రబడ్డాయి. మూడోదానికి సాళ్ళ మధ్య బోదెల్లో మట్టి మీద తెల్లగా ఉప్పు పొక్కు కట్టింది. నేను మోటారు ఆపలేదు. తోట చచ్చేది ఎలాగూ చస్తుంది, నీళ్ళు పోయలేదని ఎవరూ అనకూడదు. అప్పటి నా బుద్ధి అది.

ఒకరోజు మధ్యాహ్నం అమ్మ వంటింట్లోంచి పిలిచింది.

"ఒరేయ్, పప్పు ఉడకలా."

కొట్టువాడు పాత పప్పు అంటగట్టాడంది. మర్నాడు వేరే కొట్టు నుంచి తెప్పించింది. అదీ ఉడకలేదు. మూడో రోజు గ్లాసుతో బావి నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. తాగాను.

"బాగానే ఉన్నాయి," అన్నాను.

"బాగుంటే తిను." కంచంలో అన్నం, దాని మీద పసుపు పచ్చని గింజలు. ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. నేను నమిలాను. పళ్ళ కింద ఇసుకలా కరకరమంది. మింగితే గొంతులో అడ్డం పడింది.

"ఏరా, నమిలావా? ఇంకాస్త వెయ్యనా మునసబు గారి మనవడికి?"

ఆవిడ నాతో అలా మాట్లాడడం అదే మొదటిసారి. కంచం ఖాళీ చేసి, పెరట్లోకి పోయి అంతా కక్కుకున్నాను.

ఆ రోజే మోటారు ఆపాను. వానలు పడితే బావి బాగుపడుతుందనుకున్నాను. పడ్డాయి, బాగుపడలేదు. భూమి లోపల ఉప్పుకీ తీపికీ నడుమ ఎవరూ కట్టని గోడ ఏదో ఉండేది, దాన్ని నేను పొడిచాను. ఊరివాళ్ళు ఎవరూ వచ్చి ఒక్క మాట అనలేదు. బిందెలు ఒక్కొక్కటే రావడం మానేశాయి. గట్టు మీద పాకుడు ఎండి పెచ్చులుగా లేచింది.

పంచాయతీ కుళాయిలో వచ్చేవి కాలువ నీళ్ళే. వాటిలో ఎర్రటి సన్నపు పురుగులు మెలికలు తిరిగేవి. కాచి వడగట్టినా మందు వాసన పోయేది కాదు. అమ్మకు వారం రోజులు విరేచనాలు పట్టుకున్నాయి. ఇక దారి లేక సైకిలుకు రెండు ప్లాస్టిక్ బిందెలు కట్టుకుని నేనే పల్లెకు బయలుదేరాను. చర్చి ఆవరణలో కొన్నేళ్ళ కింద, ఎక్కువ లోతు దించకుండా వేసిన, చేత్తో కొట్టే బోరింగు ఉంది. ఆ నీళ్ళలో పప్పు ఉడుకుతుందని అప్పటికే ఊరంతటికీ తెలుసు.

"అయ్యగారొచ్చారు, జరగండే," అని ఒకామె అంది. మా చేలో పత్తి తీసిన మనిషి, ఆ ముసలాయన కోడలు.

"జరిగేదేంది? లైను లైనే. లైన్లో పెట్టండయ్యా బిందె. ఇక్కడ పాస్టరు గారిదైనా అంతే," అని ఇంకొకామె.

"మీ బావికేమైందయ్యా?"

"ఏమైద్ది? ఇంక కూరలో ఉప్పేసుకునే పని లేదు!"

అందరూ నవ్వారు. నేను వెన్ను వంచకుండా నిలబడ్డాను. ఎండలో పదిహేను బిందెలు నిండేదాకా నిలబడ్డాను. నా వంతు వచ్చాక బోరింగు పిడి పట్టుకుని కొట్టడం మొదలుపెట్టాను.

"గబగబా కాదయ్యా, నిదానంగా," అంది ముసలాయన కోడలు.

"దీనికి మోటారు పెట్టలేదేం?" అని అడిగాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

"మా మావ పెట్టనియ్యలేదు. చెయ్యి నొప్పి పుడితే మనిషి ఆగుతాడంట, మోటారుకి నొప్పి లేదుగా అంటాడు."

రెండు బిందెలూ నిండాయి. పక్కకు తప్పుకుని ఒక్క క్షణం ఆగి చూశాను. నా చెయ్యి పడిన పిడిని ఎవరైనా కడుగుతారేమో, నీళ్ళు చల్లుతారేమో అని. మా ఇంట్లో పెరిగినవాడికి రావలసిన ఆలోచనే అది. తర్వాతి మనిషి వచ్చి అదే పిడి పట్టుకుని కొట్టుకుంది. ఎవరూ ఏమీ చల్లలేదు. కాలువ నురగను చూసినప్పుడు కలగని రోత అప్పుడు కలిగింది, మా నాయనమ్మ పసుపునీళ్ళ మీద, నా మీద.

ఇంటికొచ్చాక అమ్మ ఎక్కడివని అడిగింది. చెప్పాను. కాసేపు బిందెల వైపే చూసింది. పప్పు ఎసట్లో వేసింది. మూత తీసి గరిటెతో నొక్కి చూసింది.

"ఉడికిందిరా," అంది. మూత పెడుతూ, "ఇంకో బిందె కూడా తేవాల్సింది," అంది.

తోట ఆ ఏడు కోతకు రాలేదు. ఉప్పు పట్టిన మట్టిలో మరుసటి ఏడు జొన్న కూడా మొలవలేదు. బావి ఉన్న రెండెకరాల చెక్కను మిర్చి కోల్డ్ స్టోరేజీ కట్టేవాళ్ళకు అమ్మాను. దస్తావేజులో దాన్ని నీటి వసతి లేని మెట్ట భూమి అని రాశారు.