ఏడో ఫారం, ఎనిమిదో ఫారం

ఆ రోజు ఖమ్మం బజారులోని బైండింగు షాపులో ఉన్నది ముగ్గురం: నేను, షాపు నడిపే పెద్దాయన, ఆయన కోడలు. ఉన్న వస్తువులు: అంచులు కోసే చేతిమిషను ఒకటి, మైదా జిగురు డబ్బా, కాగితం మడత నొక్కే ఎముక బద్ద, దారం ఉండలు రెండు, ఒక మూల కోడలి కుట్టుమిషను, ఆటోలోంచి నేను దింపించిన నాలుగు గోనెసంచులు. ఆ సంచుల్లో నా అయిదో పుస్తకం ప్రతులు రెండు వందల పద్నాలుగు. అచ్చు వేయించింది మూడు వందలు. తప్పు బయటపడేలోపు ఎనభై ఆరు పాఠకులకు వెళ్లిపోయాయి.

నేను చదివింది ఎలక్ట్రికల్ డిప్లొమా. మణుగూరులో ఒక కాంట్రాక్టరు దగ్గర మెయింటెనెన్స్ పని. రాతలో నాకు ఒకే దారి అంటూ లేదు. మొదటిది డిటెక్టివ్ నవల. రెండోది దయ్యాల కథలు. మూడోది వేంసూరు వైపు పామాయిల్ తోటల్లో నడిచే ప్రేమకథ. నాలుగోది ఇంటి వైరింగ్ నేర్చుకునేవాళ్లకు చేతిపుస్తకం. అన్నిటికంటే ఎక్కువ ప్రతులు పోయింది అదే. ప్రచురణకర్తల చుట్టూ తిరగలేదు. కంప్యూటర్లో పేజీలు నేనే పెట్టుకుంటాను, అట్ట నేనే తయారుచేస్తాను, పార్శిల్ మీద అడ్రసు కూడా నేనే రాస్తాను. నా చేతిలో లేనివి రెండే: అచ్చు, కుట్టు.

ప్రెస్సులో పదహారు పేజీలను ఒక పెద్ద కాగితం మీద కలిపి వేస్తారు. దాన్ని ఫారం అంటారు. ఫారాలను మడిచి, వరసగా పేర్చి, కుట్టి, అట్ట వేసి, అంచులు కోస్తే పుస్తకం అవుతుంది. ఆ పని షాపు పెద్దాయనది; నేను ఆయన్ను చాచా అని పిలిచేవాణ్ణి. అరవై దాటిన మనిషి. ఆయన తండ్రీ, తాతా చేసింది కూడా అదే. ఉర్దూ చదివేవాడు. తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రాదు. అంకెలు వచ్చు. పేజీ నంబర్లూ, ప్రతి ఫారం అడుగు అంచున చిన్నగా వేసే ఫారం నంబరూ చూసుకుని పేర్చేవాడు. అంచులు కోశాక ఆ ఫారం నంబర్లు ముక్కల్లో పోతాయి.

ఆయనకొక పద్ధతి ఉండేది. కథ వినకుండా సూది పట్టడు.

"చెప్పు రైటర్ సాబ్, గిది నవ్వే కితాబా, ఏడ్చే కితాబా?"

"ఏదైతే ఏంది చాచా? కుట్టు ఒక్కటే కదా."

"నీకేం తెలుసు? ఏడ్చే కితాబ్‌ను గట్టిగ కుట్టాలె. సదివేటోడు ఆడాడ ఆగుతడు, బోర్లేసి పెడతడు. కితాబ్ ఈపు ఇరుగుతది."

డిటెక్టివ్ నవల చెప్పినప్పుడు సగం కథ కాకుండానే హంతకుణ్ణి పట్టేశాడు. దయ్యాల కథలు విని, "మణుగూరు తొవ్వల ముప్పై ఏండ్లు తిరిగిన, నాకొక్కటి కనబడలే. నువ్వు నౌక్రీకి పోంగనే అన్ని వరసకట్టినయా?" అని ఎగతాళి చేశాడు. ప్రేమకథను కోడలు కుట్టుమిషను ఆపి మరీ విన్నది. వైరింగ్ పుస్తకానికి కూడా కథ అడిగాడు. ఎర్త్ వైరు ఎందుకు వేయాలో చెప్పాను. వారం తిరక్కుండా షాపుకు ఎర్త్ వేయించాడు.

అయిదోది, అడవి ఊళ్లో తునికాకు కోసే ఒక ముసలామె కథ. మూడేళ్లు రాశాను. అది పూర్తయ్యాక ముందు నాలుగూ నాకు చిన్నపిల్లల రాతల్లా కనిపించాయి. నేను పెద్ద రచయితనైపోయానన్న నమ్మకంతో రెండు పనులు చేశాను. ఒకటి, పేజీలకూ అధ్యాయాలకూ నంబర్లు తీసేశాను. అడవిలో ఎవరు నంబర్లు వేశారు అనుకున్నాను. రెండు, చాచా కథ అడిగితే చెప్పలేదు.

"ఇది చెప్పేది కాదు చాచా. చదివేది."

ఆయన చేతిలోని బద్ద కాగితం మీద ఆగింది. "సరే. నంబర్లన్న ఉన్నయా?"

"ఫారం నంబర్లు ఉన్నయ్. అవి చూసుకుంటే చాలు."

ప్రతులు చేతికొచ్చిన రోజు స్కేలు పెట్టి పొడవు, వెడల్పు, వీపు మందం కొలిచాను. మొదటి పేజీ చూశాను, చివరి పేజీ చూశాను. మధ్యలో చదవలేదు. నేను రాసిందే కదా.

ఇరవై రోజులకు భద్రాచలం నుంచి ఒక టీచరమ్మ ఫోన్ చేసింది. నా పుస్తకాలన్నీ తెప్పించుకునే పాఠకురాలు.

"తమ్ముడూ, నాకొకటి సమజ్ కాలే. ముసలామెను బొంద పెట్టిన్రు కదా. మల్ల లేచి ఇప్పపూలు ఏరుతదేంది?"

"ఏరదు మేడమ్."

"అయ్యో, ఏరుతది! మాటలు గూడ సగంల తెగినయ్. దయ్యాలు రాసినోడివి కదా, ఇది గూడ గసొంటిదే గావచ్చు అని సదువుకుంట పోయిన."

ఫోన్ పెట్టేసి పుస్తకం తెరిచాను. ఏడో ఫారం ఉండాల్సిన చోట ఎనిమిదోది ఉంది, ఎనిమిదో దాని చోట ఏడోది. గదిలో ఉన్న ప్రతులన్నీ తెరిచి చూశాను. అన్నీ అంతే. కంప్యూటర్లో ఫైలు మాత్రం తెరవలేదు. నా ఫైల్లో తప్పు లేదని చూడకుండానే నాకు తెలుసు.

అలా సంచులు వేసుకుని ఖమ్మం వచ్చాను. ఒక ప్రతిని చాచా ముందు పడేసి విషయం చెప్పాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, తనకు చదవడం రాని ఆ పేజీలను చాలాసేపు తిప్పాడు.

"నేను నంబర్లు చూసే పేర్చిన బేటా."

"మరి ఎట్ల మారినయ్? వాటంతట అవే లేచి నడిచినయా?"

ఆయన ప్రతిని మళ్లీ మొదటి నుంచి తిప్పాడు. అప్పుడైనా నేను ఆగాల్సింది.

"చదువురాని చేతికిస్తే గిట్లనే అయితది. తప్పు నాదే."

కుట్టుమిషను ఆగింది. కోడలు నా వైపు చూసింది. చాచా మాత్రం జిగురు డబ్బాకు మూత పెట్టి, "సంచులు పెట్టిపో. సరిజేస్త" అన్నాడు.

"అవసరం లేదు. తూకానికేసుకో" అని వచ్చేశాను.

ఆరో పుస్తకం హైదరాబాదుకు పంపాను. అక్కడ ఫైలు ఇస్తే మిషను అచ్చు వేసి, మిషనే అతికించి పంపుతుంది. కొలతలు సరిగ్గా ఉన్నాయి. అది ఏ రకం పుస్తకమో నన్ను ఎవరూ అడగలేదు.

ఎనిమిది నెలల తర్వాత, ఫోన్లో చదువుకునేవాళ్ల కోసం ఆ అయిదో పుస్తకాన్ని మళ్లీ సిద్ధం చేద్దామని పాత ఫోల్డరు తెరిచాను. ఫారానికొకటి చొప్పున పన్నెండు ఫైళ్లు. ముసలామె ఇప్పపూలు ఏరే ఫారం కింద 8 అని ఉంది. ఆమెను పూడ్చిపెట్టే ఫారం కింద 7 అని ఉంది. ఆ అంకెలు వేసింది నేను. చాచా నా నంబర్ల ప్రకారమే, మూడు వందల సార్లు, ఒక్కసారి కూడా తప్పకుండా పేర్చాడు.

వెంటనే వెళ్లాలి. వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో రాసి పెడుతున్నాను. మొదటి నాలుగు రోజులు షిఫ్టు మారింది. తర్వాత వాన. తర్వాత, ముందు ఫోన్ చేద్దామనుకున్నాను. ఫోన్లో ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను. నాలుగు వాక్యాలు. రచయితను కదా, బాగా లేవనిపించింది. ఆరుసార్లు తిరగరాశాను. నిజానికి షిఫ్టూ కాదు, వానా కాదు; ఆయన ముఖంలోకి చూడడానికి భయం. అలా పందొమ్మిది రోజులు గడిచాయి.

పందొమ్మిదో రోజు వెళ్లేసరికి షాపు షట్టరు దించి ఉంది. పక్క టీ కొట్టు అతను చెప్పాడు. గుండెపోటట. ఎనిమిది రోజులైందట. వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాను. నేను ఫైలు తెరిచిన తర్వాత పదకొండో రోజు.

షేరాటో ఎక్కి ఖానాపురం హవేలిలో వాళ్ల ఇంటికి వెళ్లాను. కోడలే తలుపు తీసింది.

"రా రైటర్ సాబ్. చదువొచ్చిన చేతులకు ఇప్పుడు తీరిందా?"

"తప్పు నాది భాభీ. నంబర్లు నేనే..."

"మాకెరికే."

నేను నిలబడే ఉన్నాను. ఆమె కుర్చీ చూపించి తను గడప మీద కూర్చుంది.

"నువ్వు పోయినంక రెండు రోజులు మామ ఆ సంచుల దిక్కు సూడలే. మూడోనాడు నాకు మిషన్ బంద్ జెయ్యమన్నడు. నేను పదోదాంక తెలుగుల సదివిన కదా, మొత్తం సదివి ఇనిపియ్యమన్నడు. నాలుగు రోజులు సదివిన. మాట తెగినకాడల్లా, దీని తర్వాత ఏది అతుకుతదో సూడు అని అడుగుతడు. అట్ల తప్పు దొరికింది. అటక మీద కొయ్యని ఫారాలు మిగిలినయ్, దించి సూసినం. బొంద పెట్టిన దాని కింద ఏడు అని ఉంది."

"అప్పుడే నాకు ఫోన్ చేయాల్సింది భాభీ."

"చేస్తనే అన్న. నీ గలతీ కాదు మామా, ఆ పిలగాడిదే, ఇప్పుడే చెప్త అన్న. వద్దన్నడు. 'లెక్కల మనిషి. తెలిస్తే రాసుడు బంద్ జేస్తడు' అన్నడు." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ముసలామె సచ్చిపోయేకాడ మాత్రం లేసి బయటికి పోయిండు. మల్లొచ్చి, దీనికి దారం డబుల్ వెయ్యాలె అన్నడు."

వెనక గదిలో సంచులు ఉన్నాయి. ఆయన ఇతర పనులు ముగించుకుని రోజుకు ఒకటో రెండో చేసేవాడట. వీపుకు తడిగుడ్డ చుట్టి, జిగురు నాని మెత్తబడ్డాక, అట్ట చిరగకుండా తీసేవాడట. కుట్టు విప్పి, రెండు ఫారాలు మార్చి, మళ్లీ కుట్టి, అదే అట్ట వేసేవాడట. చేతులు వణికిన రోజు ముట్టేవాడు కాదట.

"లెక్క సూసుకుని తీస్కపో భయ్యా. నాకింట్ల జాగ లేదు," అన్నది కోడలు.

నేల మీద కూర్చుని ఒక్కొక్కటీ తీశాను. సరిచేసిన ప్రతిని తెరవకుండానే గుర్తుపట్టవచ్చు. అంచులు రెండోసారి కోయాల్సి వచ్చింది కాబట్టి అది మిగతావాటికంటే రెండు మిల్లీమీటర్లు పొట్టి. దారం రెండు పోగులు.

సరిచేసినవి నూట ముప్పై ఒకటి. కుట్టు విప్పి, మళ్లీ కుట్టనిది ఒకటి. ముట్టనివి ఎనభై రెండు.