పోయి రా అనే మాట

సెలవు మీద ఊరికి బయల్దేరినవాణ్ణి సౌదీలోని మా లేబర్ క్యాంపులో ఎవరూ "పో" అనరు. "పోయి రా" అంటారు. తిరిగి రానిచ్చేది వీసా ఇచ్చిన యజమాని, కఫీలే అయినా, ఆ మాటకు మాత్రం ఆయన సంతకం అక్కర్లేదు.

ఖఫ్జీ నుంచి దమ్మామ్ పోయే బస్సులో ఒకసారి నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. మాటను బట్టి నిజామాబాద్ దిక్కు మనిషి. దమ్మామ్‌లో పనిచేసే తమ్ముడు గుండె ఆగి చనిపోయాడట. శవపెట్టె ఆ సాయంత్రం విమానంలో హైదరాబాద్ పోతోంది. వెంట పోవడానికి ఈయనకు కఫీల్ దేశం దాటే ఎగ్జిట్ కాగితం ఇవ్వలేదు. కార్గో దగ్గర కాసేపు చూడనిస్తారంతే.

"తమ్మీ, వాణ్ణి ఏమని పంపాలె?" అని నన్నడిగాడు. "పోయి రా అన్న ప్రతిసారి అచ్చిండు. ఇప్పుడెట్లంట? ఉత్తగ పో అననీకి నోరస్తలేదు."

ఎదుటివాడు ఏడిస్తే నాకు జోకులొస్తాయి. అదో జబ్బు.

"మనల్ని పనికి తోలే ఫోర్‌మన్ లెక్క యల్లా అను కాకా. పొమ్మనుడే ఉంటది, రమ్మనుడు ఉండదు."

ఆయన నవ్వలేదు. కిటికీలోంచి దూకేద్దామనిపించింది గానీ, ఏసీ బస్సు అద్దాలు తెరుచుకోవు. ఆయన నిజంగానే పెదాలు కదిపి "యల్లా బిడ్డా" అని మెల్లగా అని చూసుకున్నాడు. రెండోసారి అనబోయి తల అడ్డంగా ఊపాడు.

దమ్మామ్‌లో దిగేముందు నా భుజం పట్టుకున్నాడు.

"పోయి రా అనే అంట తమ్మీ. గీ ఒక్కసారి వాడు నా మాట ఇనకపోతే ఇనకపాయె."