మూడోసారి అడగని దేశం

ఆ రోజుల్లో నాకు ఆకలి వేయాలన్నా ముందు మా వంశమర్యాద ఒప్పుకోవాలి. మాది ఐనవిల్లికి అవతల ఒక ఊళ్లో దివాణం. ఒకప్పుడు ఆ దివాణం వంటశాలలో పొయ్యి ఆరేది కాదని మా నాయనమ్మ చెప్పేది. నాకు ఊహ తెలిసేసరికి పొయ్యి మాట అటుంచి, వంటశాలకు కప్పే లేదు. నాలుగు స్తంభాలూ, ఒక మెట్ల వరసా, ఆ మెట్లెక్కి చూస్తే ఆకాశమూ మిగిలాయి. స్తంభాలకు ఊళ్లోవాళ్లు గేదెల్ని కట్టుకునేవారు. ఆస్తి పోయింది కానీ, నాయనమ్మ నేర్పిన పద్ధతుల్లో ఒక్కటీ పోలేదు. వాటిలో ముఖ్యమైనది, ఎవరు భోజనానికి పిలిచినా రెండుసార్లు వద్దనాలి. "అడగ్గానే పీట మీద కూర్చుంటే, వీళ్లింట్లో పొయ్యి వెలగలేదేమో అనుకుంటారు నాయనా. మూడోసారి అడిగేక, వాళ్లు నొచ్చుకుంటారని తిన్నట్టు తిను" అనేది. (పొయ్యి వెలగని రోజున ఈ పాఠం ఇంకా గట్టిగా చెప్పేది.) మా కోనసీమలో ఈ పద్ధతితో ఏ ఇబ్బందీ లేదు. మూడుసార్లేమిటి, చెయ్యి పట్టుకుని లాగి విస్తరి ముందు కూలేసేదాకా ఇక్కడ వదిలేదెవరు?

అలాంటి నేను డిగ్రీ అయ్యాక అమలాపురంలో రొయ్యల మేత అమ్మే షాపులో గుమస్తాగా చేరాను. యజమానిని అందరూ మేతల బాబాయిగారు అనేవారు. ఆయన నన్ను 'మీరు' అనే అనేవారు. "బాబుగారూ, లోడొచ్చిందండి. తమరు కాస్త దగ్గరుండి దింపించాలండి" అనేవారు. అంత మర్యాదగా చెప్పాక బస్తాకు నేనూ ఒక చెయ్యి వేయక తప్పేది కాదు. ఆ ఏడాది మేత బాగా అమ్మిన డీలర్లను కంపెనీవారు గ్రీసు దేశం తీసుకెళ్తామన్నారు. మా బాబాయిగారేమో గోదావరి మీద పంటు ఎక్కితేనే కళ్లు మూసుకుని, అవతలి రేవు వచ్చాక తెరిచే మనిషి. విమానం మాట ఎత్తగానే నా వైపు తిరిగి, "తమరు వెళ్లిరండి. రాజులేలిన దేశమంటండి, అన్నీ పడిపోయిన కోటలేనంట. మీకు మనింట్లో ఉన్నట్టే ఉంటదండి" అన్నారు. ఆ మాటను నేను పొగడ్తగానే పుచ్చుకున్నాను.

ఏథెన్స్ చేరిన మర్నాడు ఒక్కరోజు యాత్ర. పొద్దున్న శిథిలాలు, మధ్యాహ్నం కొండ మీది పల్లెలో భోజనం, ఆపైన లోయ చూసి రావడం. హోటల్లో ఫలహారం ఎవరికి వారు వడ్డించుకునే పద్ధతి. అక్కడ అడిగేవాళ్లే లేరు. ఎవరో ఒకరు వచ్చి అడుగుతారని పళ్లేల పక్కన హుందాగా నిలబడి చూశాను. ఈలోగా బస్సు వచ్చేసింది. ఖాళీ కడుపుతో, ప్యాంటూ చొక్కా మీద మా తాతగారి జరీ అంచు కండువా వేసుకుని బస్సెక్కాను.

గైడు అమ్మాయి మైకు ఇచ్చి అందరినీ పరిచయం చేసుకోమంది. నా వంతు రాగానే పక్క సీట్లోని లంక మావయ్యగారు (కపిలేశ్వరపురం వైపు లంకల్లో ఆసామి, మా దివాణం ఎరిగినవారు, బస్సులో సగంమందికి మావయ్య) మైకు లాక్కుని, తనకొచ్చిన ఇంగ్లీషులో నేను రాజకుటుంబీకుడినని చాటారు. నేను మేత షాపు గుమస్తానని చెప్పుకోవడానికి అది తగిన సమయమే. నేను కండువా సర్దుకున్నాను. ఆ నిమిషం నుంచి ఆ అమ్మాయికి నేను ప్రిన్సునైపోయాను.

శిథిలాలు ఒక కొండవాలున ఉన్నాయి. తెల్లని రాతి స్తంభాలు, కొన్ని నిలబడి, చాలావరకు పడిపోయి. ఇది గుడి, ఇది ధనాగారం, ఇక్కడ నాటకాలాడేవారు అని ఆ అమ్మాయి చూపిస్తుంటే మావాళ్లు ఫొటోలు దిగుతున్నారు. నాకు మాత్రం గుండె ఉప్పొంగింది. ఇంత దూరం వచ్చి వీళ్లంతా నోళ్లు తెరుచుకుని చూస్తున్నది మా ఇల్లులాంటిదే కదా, గేదెలు లేవు గానీ. ఆ చనువుకొద్దీ విరిగిన స్తంభం ఒకటి చూసుకుని కూర్చున్నాను. వెంటనే కాపలా మనిషి ఈల వేశాడు. అందరూ తిరిగి చూశారు. "రాళ్లమీద కూర్చోకూడదంటండి బాబూ. అదే మీ దివాణంలో అయితే గేదెలు కూడా పడుకుంటాయండి" అని మావయ్యగారు నన్ను ఓదార్చారు.

మధ్యాహ్నానికి కొండ మీది పల్లె చేరాం. రాతి ఇళ్లు, నీలం తలుపులు, ఒక ముసలావిడ ఇంటి వాకిట్లో ద్రాక్ష పందిరి, దాని కింద పొడుగాటి బల్లలు. నల్ల గౌను వేసుకున్న ఆ అవ్వ ఒక్కతే అందరికీ వడ్డిస్తోంది. పొయ్యి మీంచి దింపిన రొట్టెలు, టమాటాలో ఉడికించిన పెద్ద పెద్ద చిక్కుడు గింజలు, తెల్లటి జున్నుముక్కల్లాంటివి, తేనె. ఆ వాసనకు నా కళ్లు తిరుగుతున్నాయి. అవ్వ నా దగ్గరకు వచ్చి గరిటె ఎత్తింది. నేను నాయనమ్మను తలుచుకుని, చెయ్యి అడ్డం పెట్టి, చిరునవ్వుతో తల తిప్పాను. అవ్వ తల ఊపి పక్కాయనకు వడ్డించింది. సరే, ఒకటయింది. కాసేపటికి రెండో విడత వచ్చింది. మళ్లీ చెయ్యి అడ్డం పెట్టాను. గైడు అమ్మాయి గౌరవంగా అవ్వ చెవిలో ఏదో చెప్పింది. రాజులకు ఏవో నియమాలుంటాయని చెప్పిందట. ఇక నేను చేతులు తుడుచుకుని మూడో పిలుపు కోసం సిద్ధంగా కూర్చున్నాను. అవ్వ వచ్చింది. నా ముందున్న ఖాళీ పళ్లెం తీసుకెళ్లిపోయింది.

తర్వాత అందరూ లోయ చూడటానికి నడిచారు. లోతుగా పచ్చటి లోయ, అడుగున సన్నటి ఏరు, అవతల మంచు పట్టిన శిఖరం. చాలా బాగుందని అందరూ అన్నారు కాబట్టి బాగానే ఉండి ఉంటుంది. నాకు ఆ శిఖరం మీద మంచు కూడా వడ్డించిన అన్నంలాగే కనిపించింది. మావయ్యగారు ఒక చెట్టు కింద కూలబడి, ఇంటి నుంచి తెచ్చిన జంతికల పొట్లం విప్పారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఈయన మనవాడు, లెక్క తెలిసినవాడు. "జంతికలు తింటారాండి?" అన్నారు. వద్దండి అన్నాను. "కొంచెం తీసుకోండి బాబూ" అన్నారు. పర్వాలేదండి అన్నాను. మూడో మాట కోసం చూస్తే ఆయన గురక పెడుతున్నారు. పొట్లం ఆయన పొట్ట మీద పైకీ కిందకీ ఊగుతోంది. నిద్రపోతున్న మనిషి పొట్ట మీంచి తీసుకోవడానికి దివాణంలో పద్ధతి ఏమీ లేదు.

ఇక లాభం లేదని, కండువా మరిచిపోయానని గైడుకు దూరం నుంచే కేకేసి చెప్పి పల్లెలోకి వెనక్కి నడిచాను. అవ్వ వాకిట్లో గిన్నెలు తోముకుంటోంది. ఆవిడకు ఇంగ్లీషు రాదు. కండువా పోయిందని చేతులతో చెప్పాను. భుజం మీద తట్టి, మెడ చుట్టూ తిప్పి, బల్లల కింద వంగి వెతికి చూపించాను. అవ్వ తడి చేతులు గౌనుకు తుడుచుకుంటూ వచ్చి, నా భుజం మీదే ఉన్న కండువా అంచు పట్టుకుని చూసింది. తర్వాత నా మొహం చూసింది. నవ్వలేదు. కుర్చీ లాగి, ఒక్క మాట అంది. ఏ భాషలోనైనా ఆ మాట అర్థమవుతుంది. నా చెయ్యి అలవాటుగా అడ్డం లేవబోయింది. వద్దంటే ఈవిడ బతిమాలదని అప్పటికి తెలిసింది కాబట్టి, ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని కూర్చున్నాను.

అలా తినడం ఎప్పుడూ ఎరగను. రొట్టె అయిపోతే రొట్టె, గింజలు అయిపోతే గింజలు, ఆవిడ అడక్కుండానే వేస్తోంది, అచ్చం మావాళ్లలాగే. తేనె మీసాలకు అంటుకున్న వేళకు గుమ్మంలో అలికిడయింది. గైడూ, వెనక మావయ్యగారూ. ఆ అమ్మాయి నోరు తెరిచింది. బస్సంతటికీ తెలిసిపోతుంది, నా పని అయిపోయిందనుకున్నాను. మావయ్యగారు ఒక్క చూపులో సంగతంతా గ్రహించారు. వచ్చి నా పక్కన కుర్చీ లాక్కుని, "కండువా దొరికిందా బాబూ?" అన్నారు.

"ఆయ్, దొరికిందండి."

"మంచిదండి. నాకూ ఓ రొట్టె పెట్టమనండి. ఆ ఏరు చూసొచ్చేసరికి మళ్లీ ఆకలేసేసిందండి" అని, అప్పటికే కడుపు పట్టనంత తిన్న మనిషి, నా కోసం రెండో భోజనం చేశారు. బస్సులో ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు, ఆ అమ్మాయినీ చెప్పనివ్వలేదు.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. ఇప్పుడు మా దివాణం స్తంభాల దగ్గరికి పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలు వస్తున్నారు. గేదెల్ని వేరే చోట కట్టుకోమన్నాం. ఎవరు ఏ రాయి మీద కూర్చున్నా నేను ఈల వేయను. మొన్న ఒక పెళ్లికొడుకు వచ్చాడు. అద్దెకు తెచ్చిన రాజు వేషం, కిరీటం, అట్టకత్తి. మధ్యాహ్నం దాటినా ఫొటోలు తెమల్లేదు. భోంచేద్దురు గాని రమ్మన్నాను. పెళ్లికూతురు మొదటి పిలుపుకే వెళ్లి కాళ్లు కడుక్కుంది. అతను మాత్రం "వద్దండి, తినే వచ్చేనండి" అన్నాడు, స్తంభాల పక్కనే ఉన్న మా పెంకుటింట్లోంచి వస్తున్న పనసపొట్టు కూర వాసన పీలుస్తూ. మళ్లీ అడిగాను. "పర్లేదండి" అన్నాడు. నేను మెట్టు దిగి వెళ్లి, "రావయ్యా, మా ఆవిడ నొచ్చుకుంటుంది" అన్నాను. అతను కిరీటం తీసి మెట్టు మీద పెట్టి, నా వెనకే వచ్చాడు.

విస్తరి ముందు కూర్చున్నాక, "మీ నాయనమ్మగారు ఉన్నారా బాబూ?" అని అడిగాను.

"ఆయ్, ఉన్నారండి. మీకెలా తెలుసండి?"

నేను కండువా సర్దుకుని, అతనికి ఇంకో గరిటె కూర వేయమని మా ఆవిడతో చెప్పాను.