పాలకూర తొట్టెలో బియ్యం కడిగిన నీళ్ళు

సింగపూర్‌లో, పాసిర్ రిస్‌లోని మా ఫ్లాట్ బాల్కనీలో మట్టి లేకుండా పాలకూర, కొత్తిమీర పెంచుతున్నాను. ప్లాస్టిక్ తొట్టె మూతకి పన్నెండు రంధ్రాలు, ఒక్కో దాంట్లో స్పాంజి ముక్క పట్టుకుని ఒక మొక్క. వేర్లు కింద ఎరువు మందు కలిపిన నీళ్ళలో వేలాడుతుంటాయి. ఆ నీళ్ళలో మందు పాళ్ళను రోజూ మీటరుతో కొలుస్తాను. ఆఫీసులో ఎలాగూ నా మాట ఎవరూ వినరు, ఈ నీళ్ళయినా వినాలని నా పంతం.

జూన్ సెలవుల్లో అవీ ఎదురు తిరిగాయి. తెల్లటి వేర్లు గోధుమరంగుకు తిరిగి జిగురు పట్టాయి. మూత తీస్తే పులిసిన వాసన. తొట్టె కడిగి నీళ్ళు మార్చాను. రెండు రోజులకి మళ్ళీ అదే కంపు. ఆరు మొక్కలు పోయాయి. నా అనుమానం మా అమ్మాయి మీదికి పోయింది.

"అందులో ఏం పోశావే?"

"ఐ నెవర్ టచ్ లా, అమ్మా. ప్రతిదానికీ నేనేనా?" అని ఇక్కడి పిల్లల ఇంగ్లీషు యాసలో విసుక్కుని తలుపేసుకుంది.

పగలు ఇంట్లో ఉండే రెండో మనిషి మా అత్తయ్య. ఆవిణ్ణి అనుమానించే పనే లేదు. తుంటి ఆపరేషనై రెండు నెలలైనా మంచం దిగనంటోంది. ఈ నెలలో నడవకపోతే ఇక ఎప్పటికీ మంచమేనని, నడక నేర్పడానికి వచ్చే అమ్మాయి నాతో చెప్పేసింది. బతిమాలాను, కసిరాను. "నా వల్ల కాదమ్మా" అని గోడవైపు తిరిగేది.

ఒక బుధవారం వన్-నార్త్‌లోని ఆఫీసుకు వెళ్ళకుండా ఇంట్లోనే పని చేసుకుంటున్నాను. బాల్కనీలో గిన్నె చప్పుడైంది. వెళ్ళి చూస్తే అత్తయ్య. ఒక చెయ్యి గోడకి ఆనించి, రెండో చేత్తో నేను పొద్దున సింకులో వదిలేసిన బియ్యం కడిగిన నీళ్ళు తొట్టెలోకి వంపుతోంది.

"ఎవరు పొయ్యమన్నారత్తయ్యా మిమ్మల్ని? మొక్కలన్నీ చంపేశారు" అని అరిచాను.

"ఒట్టి నీళ్ళలో నిలబెట్టావు. వాటికి తిండేదీ అని పోశానమ్మా" అంది. గిన్నె కింద పెట్టి, గోడ పట్టుకుంటూ వెళ్ళి పడుకుంది.

అప్పుడు గానీ నాకు వెలగలేదు. మంచం దగ్గర్నుంచి బాల్కనీ దాకా ఆవిడ నడిచి వచ్చింది. ఎన్నాళ్ళుగా వస్తోందో. నా కంటికి తొట్టె తప్ప మనిషి కనబడలేదు.

గురువారం లేవలేదు. శుక్రవారమూ లేవలేదు. క్షమించమన్నాను. "నీ తప్పేముందమ్మా, నాకే తెలియలేదు" అంది, గోడవైపు తిరిగే. నాకు భయం పట్టుకుంది. నేను నోరు పారేసుకున్నందుకు ఆవిడ కాళ్ళు పోతాయేమోనని తిండి సయించలేదు.

శనివారం బియ్యం కడిగి, ఆ నీళ్ళ గిన్నెను గట్టు మీద పెట్టాను. తొట్టెలో మరో రెండు మొక్కలు పోయి నాలుగే మిగిలాయి.

"అత్తయ్యా, నా చేతులు పిండిలో ఉన్నాయి. మొక్కలకి కాస్త కడుగు నీళ్ళు పోసి పెడతారా?" అని కేకేశాను. నా చేతులకి పిండీ లేదు, ఏమీ లేదు.

వంటింట్లోంచే చెవి ఒగ్గి విన్నాను. మంచం కిర్రుమంది. చాలాసేపటికి, గోడను రాసుకుంటూ అడుగుల చప్పుడు. ఆవిడ గిన్నె తీసుకుని బాల్కనీలోకి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళి మూత ఎత్తి పట్టుకున్నాను.

"చచ్చిపోతాయన్నావు?"

"పోతే మళ్ళీ విత్తనాలు వేసుకుందాం. పొయ్యండి."

సగం పోసి ఆగింది. "చాలా?"

"అంతా పొయ్యండి. రేపు కూడా మీరే పొయ్యాలి" అన్నాను.