వంటవాడి బూటు

మా నాన్నకు కుడి చెవి వినపడదు. ఎలా పోయిందని ఎవరైనా అడిగితే, "మా ఆఫీసరు అరుపులకు" అంటాడు. సైన్యం నుంచి వచ్చేసి ముప్పై ఏళ్లు దాటింది. వీధి వైపు గదిలో మొదట రేడియోలు, తర్వాత టీవీలు, ఇప్పుడు పిల్లలు ఆడే గేమ్ కంట్రోలర్లు బాగుచేస్తున్నాడు. ఏ వస్తువునైనా పది నిమిషాలు తను వాడి చూడనిదే తిరిగి ఇవ్వడు.

మనిషి కబుర్ల పుట్ట. ఆయన సైన్యం కథల్లో మా ఇంట్లో అందరికీ నోటికి వచ్చినది వంటవాడి కథ. ఆ వంటవాడి బూటు ఒకటి పోతుంది. ఒక కాలికి బూటు, ఇంకో కాలికి స్నానాలగది చెప్పు వేసుకుని వరసలో నిలబడతాడు. ఇదేం వేషమని ఆఫీసరు గుడ్లురిమితే, "ఒక కాలు డ్యూటీలో ఉంది సార్, ఇంకోటి సెలవు పెట్టింది" అంటాడు. చిన్నప్పుడు తాతయ్య ఈ కథ చెబితే గాని నా కూతురు ముద్ద మింగేది కాదు.

మొన్న సైన్యంలో చేర్చుకునేవాళ్ల వ్యాను నా కూతురి కాలేజీ గేటు దగ్గర ఆగింది. లోపల పన్నెండు తెరలు, మెత్తటి కుర్చీలు, యుద్ధం ఆట. ఆట ఉచితం. పేరు, వయసు, ఫోన్ నంబరు రాస్తే చాలు. పాయింట్లు బాగా వస్తే చేరిక ఫారం చేతిలో పెడతారు. చేపకు ఎర ఎవడైనా ఉచితంగానే వేస్తాడు.

మర్నాడే వ్యాను మనిషి పన్నెండు కంట్రోలర్లూ మోసుకుని నాన్న దగ్గరికి వచ్చాడు.

"ఆటలో చచ్చిపోగానే ఇది చేతిలో మరీ గట్టిగా అదురుతోందండీ. పిల్లలు ఉలిక్కిపడి లేచిపోతున్నారు. ఆ అదురు తీసెయ్యండి."

ఒక్కోదానిలో రెండు మోటార్లుంటాయి. తుపాకీ పేలితే చిన్నది చేతికి గిలిగింత పెడుతుంది. మనిషి పడిపోతే పెద్దది అదురుతుంది. నాన్న పెద్దవి పన్నెండూ ఊడదీసి డబ్బాలో వేశాడు. ఒక్కో కంట్రోలర్‌తో పది నిమిషాలు ఆడి చూసి మరీ ఇచ్చాడు.

నాకు ఒళ్లు మండింది.

"చచ్చినా తెలియకుండా చేసి ఇచ్చావా నాన్నా? రేపు మన పిల్ల ఆడదూ వాటితో?"

"నేను చెయ్యకపోతే ఇంకొకడు చేస్తాడమ్మా."

ఈ మాటతో లోకంలో ఎన్ని పనులు జరిగిపోతున్నాయో! అరిచాను. చెవిటి చెవి నా వైపు తిప్పుకున్నాడు.

శనివారం నా కూతురు ఫారం పట్టుకుని పరుగున వచ్చింది. దానికి పదిహేడేళ్లు, ఇంట్లో పెద్దవాళ్ల సంతకం కావాలి. నేను పెట్టనని తెలుసు. తిన్నగా వెళ్లి తాతయ్య ఎడమ పక్కన కూర్చుంది.

"కాలేజీ మొత్తంలో నాదే ఫస్టు తాతయ్యా! ఇక్కడ సంతకం పెట్టు."

"అది ఆటే తల్లీ, సైన్యం కాదు!" అన్నాను.

"నీకేం తెలుసమ్మా? తాతయ్య తొమ్మిదేళ్లు ఉన్నాడు. ఎంత సరదాగా ఉండేదో ఎన్నిసార్లు చెప్పలేదూ?"

నాన్న కలం మూత తీసినవాడు మళ్లీ పెట్టేశాడు.

"వంటవాడి కథలో చివర ఏమవుతుంది?" అని అడిగాడు.

"ఇంకో కాలు సెలవు పెట్టింది అంటాడు. అంతేగా!" అని నవ్వింది అది.

"అంతే కాదు. ఆ సాయంత్రమే వంటశాల మీద బాంబు పడింది. నా చెవి పోయింది అప్పుడే. తెల్లారాక చచ్చిపోయినవాళ్లను గుర్తుపట్టమని నన్ను పిలిచారు. మొహాలు చూసి చెప్పేలా లేవు. వాణ్ణి మాత్రం చూడగానే చెప్పాను. ఒక కాలికి బూటు ఉంది. ఇంకో కాలికి చెప్పు."

నా కూతురి మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు తాతయ్యా?"

"చెబితే ముద్ద మింగేదానివి కాదుగా."

అది ఫారం అక్కడే వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. బల్ల మీద ఆ కాగితం, దాని పక్కన మోటార్ల డబ్బా మిగిలాయి. వ్యాను వాళ్ల మీద నా కోపం ఇంకా చల్లారలేదు. కాని వాళ్లను ఒక్కళ్లనే తిట్టడానికి లేదు. ఇన్నేళ్లూ ఆ కథ మళ్లీ చెప్పు నాన్నా అని అడిగి చెప్పించుకున్నది నేనే.