ఓదెలు మట్టిల్లు, గట్టమ్మ స్లాబు

నర్సింహులపేట చుట్టుపక్కల ఊళ్లలో సగం స్లాబులు ఇళ్లు కట్టే సుతారి ఓదెలు పోసినవే. ఆయన కాపురం మాత్రం ఏళ్ల తరబడి రేకుల కిందే సాగింది. ఎండాకాలం ఆ రేకుల కింద బియ్యం నానబోస్తే చాలు, పొయ్యి అక్కర్లేదని నవ్వుతూ చెప్పేవాడు. భార్య కొమురవ్వకు మాత్రం నవ్వొచ్చేది కాదు. ఊరందరికీ స్లాబు పోసే మనిషి సొంతింటి సంగతి ఎందుకు మరిచిపోతాడో ఆమెకు ఎంత ఆలోచించినా అంతుపట్టేది కాదు.

ఆమె స్లాబు కోరిక వెనక పక్కింటి గట్టమ్మ ఉంది. గట్టమ్మది పెద్ద స్లాబిల్లు. అదీ ఓదెలు పోసిందే. ఏటా కారానికి మిరపకాయలు ఎండబెట్టాలంటే కొమురవ్వ ఆ ఇంటి మెట్లే ఎక్కాలి. గట్టమ్మ వద్దనే రకం కాదు. వద్దనకుండానే ప్రాణం తీసే రకం. "పోసుకో చెల్లె, పోసుకో. నా స్లాబైతేంది, నీ స్లాబైతేంది" అని వాడ చివరిదాకా వినబడేటట్టు అనేది. ఆ మాట విన్నప్పుడల్లా కొమురవ్వకు మిరపకాయల కన్నా ముందు తన ఒళ్లే మండేది.

ఇట్లా ఉండగా ఓదెలుకు మట్టి పిచ్చి పట్టింది. జనగామ అవతల ఒక తోటలో హైదరాబాదు వాళ్లెవరో మట్టిల్లు కట్టించుకుంటుంటే పనికి పోయాడు. అక్కడే తవ్విన మన్నుతో గోడలు, కూలిన ఇళ్ల నుంచి తెచ్చిన దూలాలు, పైన గూన పెంకులు. నడి వేసవిలో అన్నం తిని ఆ గోడకు ఆనుకున్నాడు. ఫ్యాను లేదు, కూలరు లేదు. లేచి చూస్తే పొద్దు గూకుతోంది. ఇంజనీరు చేత చీవాట్లు తిన్నాడు గానీ ఆ నిద్ర రుచి మరిచిపోలేకపోయాడు. ఊరికొచ్చి కనబడ్డ వాళ్లందరికీ మట్టిల్లు కట్టుకోమని చెప్పాడు. అందరూ శ్రద్ధగా విని, స్లాబు ఎప్పుడు పోస్తావని అడిగారు.

సరే, ముందు తానే కట్టి చూపిస్తానని రేకులు విప్పబోతుంటే కొమురవ్వ అడ్డం నిలబడింది.

"పుట్టింట్ల మట్టిగోడలే, అత్తింట్ల మట్టిగోడలే. పెండతోని అలికి అలికి నా చేతులు అరిగినయ్. మల్ల మట్టేందయ్యా?"

"గిది గా మట్టి గాదే."

"మట్టిల గూడ రకాలుంటయా?"

చివరికి ఆమె ఒక మెలిక పెట్టి ఒప్పుకుంది. తొలి వానకు ఇంట్లో ఒక్క చుక్క కారినా పెంకులు దింపి స్లాబు పోయాలి. ఓదెలు సరేనన్నాడు. సొంతింట్లోనే నీళ్లు కారితే ఇక ఈ చుట్టుపట్ల ఎవరూ తన మట్టి మాట వినరని తెలుసు గనక, ప్రాణం పెట్టి కట్టాడు. పడమటి గోడ మందంగా లేపాడు. వేడిగాలి పోవడానికి పైన కంతలు వదిలాడు. వేపచెట్టు కొట్టకుండా ఇంటినే పక్కకు జరిపాడు. ఎండ, గాలి, వాన, చెదలు, అన్నీ ఆలోచించాడు. మరిచిపోయింది ఒక్కటే, కోతులు.

జనం పెంకుటిళ్లు వదిలి స్లాబులు పోసుకున్నది సగం గొప్పకైతే సగం కోతుల బాధకే. ఊరంతా స్లాబులయ్యాక పాపం వాటికి తోచుబాటు లేకుండా పోయింది. ఇన్నాళ్లకు ఓదెలు ఒక పెంకుటిల్లు కట్టి పెట్టాడు. గుంపు గుంపంతా దిగింది. ఒక కోతి పెంకు ఎత్తి కింద ఏముందో చూసేది. నచ్చక పక్కన పడేసేది. దాని మాట మీద నమ్మకం లేక ఇంకోటి వచ్చి పక్క పెంకు ఎత్తేది. పొద్దున సర్దినవి మధ్యాహ్నానికి మళ్లీ మొదటికొచ్చేవి. ఓదెలుకు పని మానుకుని ఇంటి మీదే కాపురమైంది.

ఇంట్లో మాత్రం చల్లగా ఉంది. ఎండలు ముదిరి కరెంటు పోయిన రోజు గట్టమ్మ ఊరికే చూసిపోదామని వచ్చింది. మర్నాడు దిండుతో వచ్చింది.

"మా ఇల్లు నిప్పుల కుంపటైంది చెల్లె. జర ఒరుగుతా."

"ఒరుగు అక్కా, ఒరుగు. నా ఇల్లైతేంది, నీ ఇల్లైతేంది" అంది కొమురవ్వ, వాడ చివరిదాకా వినబడేటట్టు. ఆ రోజు ఆమె అన్నం కూడా మామూలు కన్నా ఎక్కువే తిన్నది.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. వాడలోని ఆడవాళ్లు నలుగురు ఓదెలు ఇంట్లోనే కూర్చుని చింతపండు గింజ తీస్తున్నారు. గట్టమ్మ గుర్రు పెడుతోంది. వాన దంచి కొట్టింది. ఓదెలు ఇంటి నడుమ నిలబడి నోరు తెరుచుకుని పైకి చూస్తున్నాడు. అంతలో ఒక చుక్క సరిగ్గా గట్టమ్మ నుదుటి మీద పడింది. ఆమె లేచింది.

"ఏంది చెల్లె, కారుతుందా?"

కొమురవ్వ పైకి చూసింది, మొగుణ్ని చూసింది, గట్టమ్మ మొహం మీద అప్పుడే విచ్చుకుంటున్న నవ్వును చూసింది. చప్పున చెంబు అందుకుంది.

"కారుడేంది అక్కా. చెంబు పట్టుకొని దాటిన, తొణికింది. జర అటు జరుగు."

వాన వెలిసేదాకా ఆమె ఆ చెంబు పట్టుకుని అక్కడే నిలబడి మాట్లాడింది. చుక్క చెంబులో టప్పుమన్న ప్రతిసారీ గొంతు పెంచింది. ఆ అరుపులకు చింతపండు వాళ్లు ఏం గొడవైందోనని మొహాలు చూసుకున్నారు.

అందరూ పోయాక ఓదెలు తల వంచుకుని వచ్చాడు. "మాటంటే మాటనే. పెంకలు దింపుతా."

"ఎందుకు? ఏం కారలే."

"నేను చూసిన గదనే."

"నువ్వు చూస్తేంది. గట్టక్క చూడలే" అని చెంబులో నీళ్లు వేపచెట్టుకు పోసి, ఆయన చేతిలో కోతుల్ని కొట్టే రబ్బరు గులేరు పెట్టింది. ఓదెలుకు కళ్లు చెమర్చాయి. అంత పొగడ్త ఆమె నోటి నుంచి పెళ్లయ్యాక ఎప్పుడూ విని ఎరగడు.

చిక్కల్లా ఒకటే. కోతులు దిగే ఆ పెంకుల కప్పంతా కనబడాలంటే గట్టమ్మ స్లాబు ఎక్కాలి. అందుకని ఇప్పుడు రోజూ మధ్యాహ్నం తువ్వాల నెత్తిన కప్పుకుని ఓదెలు అక్కడ కాపలా కూర్చుంటున్నాడు. కింద తన చల్లని ఇంట్లోంచి ఆడవాళ్ల నవ్వులు వినబడుతుంటాయి.

"మిరపకాయలు గూడ ఆన్నే పోసిన. జర తిరగెయ్యి" అని కొమురవ్వ కేకేస్తుంది.

"మంచిగ కూసో మరిదీ. నా స్లాబైతేంది, నీ స్లాబైతేంది" అని ఓదెలు ఇంట్లో పడుకున్న గట్టమ్మ అంటుంది.

అరికాళ్లు చుర్రుమంటుంటే ఓదెలు మిరపకాయలు తిరగేస్తూ, ఈ స్లాబు పోసిన వాణ్ని నాలుగు తిట్లు తిట్టబోయి, ఎవరో గుర్తొచ్చి ఊరుకుంటాడు.